గేములు తయారుచేసేవాళ్ల నవలలో గేము తయారుచేసే పని ఎక్కడ? (టుమారో, అండ్ టుమారో, అండ్ టుమారో. స్పాయిలర్లు ఉన్నాయి)

రెప్రో_స్టెప్స్:

గాబ్రియెల్ జెవిన్ రాసిన ఈ నవల 2022లో వచ్చింది. ఆ ఏడాది గుడ్‌రీడ్స్ పాఠకుల ఓటింగులో ఫిక్షన్ బహుమతి దీనికే దక్కింది. నేను హైదరాబాద్‌లో గేమ్ టెస్టర్‌ని. అంటే మా చిన్నత్త పెళ్లిళ్లలో "దీనికి ఆఫీసులో గేములాడితే జీతమిస్తారట" అని పరిచయం చేసే ఉద్యోగం. అందుకని ఈ పుస్తకం చదివిన ప్రతివాళ్లూ "అచ్చం నీ కోసమే రాశారు" అంటూ నా వెంటపడ్డారు.

చదివాను. పేజీలు పరుగెత్తాయి, రాత్రిళ్లు నిద్ర చెడింది, ఒకచోట ఏడుపూ వచ్చింది. అయినా పూర్తయ్యాక మిగిలింది నిరాశే. ఎందుకో రాస్తాను, మీకెలా అనిపించిందో చెప్పండి. ఇది గేముల పనిలో ఉన్నవాళ్లకే వచ్చే చిరాకా, మామూలు పాఠకులకూ వచ్చిందా?

చదవనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. సామ్, సేడీ 1980లలో లాస్ ఏంజిలస్‌లోని ఒక ఆసుపత్రిలో పిల్లలుగా కలుస్తారు. కారు ప్రమాదంలో సామ్ పాదం నుజ్జయిపోయింది. సేడీ వాళ్ల అక్కకు లుకేమియా. ఆసుపత్రి గేమ్ రూమ్‌లో సూపర్ మారియో దగ్గర స్నేహం కుదురుతుంది, తర్వాత మాటలు పోతాయి. 1995లో హార్వర్డ్ స్క్వేర్ స్టేషన్ జనంలో మళ్లీ ఎదురుపడతారు. అప్పటికి అతను హార్వర్డ్‌లో, ఆమె ఎంఐటీలో. ఇద్దరూ కలిసి ఇచిగో అనే గేము చేస్తారు. సామ్ రూమ్మేట్ మార్క్స్ ఇల్లు, డబ్బు, తిండి అన్నీ చూసుకుంటాడు. గేము పెద్ద హిట్. ఆ తర్వాత కంపెనీ, అలకలు, ఎవరి పేరు ముందు రావాలనే గొడవలు, ఒక చావు.

నచ్చిన చోటు ముందు చెప్తాను. ఆసుపత్రిలో సామ్ మారియో ఆడుతూ లెవెల్ చివర జెండా స్తంభం పైకొన అందుకుంటాడు. పక్కన నిలబడి చూస్తున్న సేడీని, ఈ లైఫ్‌లో మిగతాది నువ్వు ఆడతావా అంటాడు. బాగా ఆడుతున్నావు, నువ్వు చచ్చేదాకా ఆగుతాలే అంటుందామె. జబ్బు పిల్లల వార్డులో నిలబడి ఆ మాట! రచయిత్రికి గేము ఆడటమంటే ఏంటో తెలుసు అనుకున్నాను. ఒంగోలులో మా ఇంట్లో 9999999 ఇన్ 1 క్యాసెట్ ఉండేది. మా అన్నయ్య "లైఫ్ పోతే ఇస్తా" అనేవాడు. వాడి లైఫ్ పోయేది కాదు, అమ్మ వచ్చి టీవీ కట్టేసేది. పక్కన కూర్చుని చూసేవాళ్ల కళ్లతో ఆటను చూపించిన ఆ పేజీలకు దండం పెట్టొచ్చు.

ఆ పేజీలు దాటాక మళ్లీ ఎవరి బొటనవేళ్లూ కనిపించవు. ఇచిగో అంటే కెరటం లాక్కుపోయిన ఒక చిన్నారి, మాటలు సరిగ్గా రాని వయసు, ఇంటికి తిరిగి రావాలి. ఎంత అందమైన ఊహో! కానీ ఆ చిన్నారి ఎంత ఎత్తు గెంతుతుంది? గోడకు తగిలితే ఆగుతుందా, జారుతుందా? బటన్ నొక్కాక ఎన్ని ఫ్రేములకు కాలు కదులుతుంది? గేము బాగుందని మన చేతికి అనిపించేది ఇక్కడే. నెలల తరబడి కొట్టుకు చచ్చేదీ దీని మీదే. నవలలో గేములన్నీ ఐడియాలుగా పుడతాయి, రివ్యూలుగా బయటికొస్తాయి. ఆ రెంటికీ మధ్య ఉండాల్సిందేదో లేదు.

నా రోజు ఎలా ఉంటుందో చెప్తాను. ఉదయం బిల్డ్, అంటే గేము తాజా కూర్పు, వస్తుంది. ముందు స్మోక్ టెస్ట్: ఆన్ అవుతుందా, మెనూ తెరుచుకుంటుందా, సేవ్ అవుతుందా. తర్వాత నిన్న మూసేసిన బగ్గులు నిజంగానే పోయాయా అని రిగ్రెషన్. ఆ తర్వాత గోడలు. మ్యాప్ మొత్తం గోడలకు ఒరుసుకుంటూ నడవాలి, ఏ సందులోంచైనా ప్రపంచం బయటికి జారిపోతామేమో చూడాలి. కట్‌సీన్ (ఆట మధ్యలో వచ్చే సినిమా ముక్క) నడుస్తుండగా కంట్రోలర్ పీకేయాలి. సేవ్ అవుతుండగా పవర్ తీసేయాలి. బగ్ దొరికితే అది ఎలా వస్తుందో మెట్టు మెట్టుగా రాయాలి, చదివినవాళ్లెవరు చేసినా మళ్లీ రావాలి. రాకపోతే "కెనాట్ రిప్రొడ్యూస్" అని తిరిగొస్తుంది. డెవలపర్ వచ్చి మన వెనక నిలబడితే అసలే రాదు, దానికి సిగ్గెక్కువ.

ఇదంతా నవలలో పేజీలు పేజీలు ఉండాలని నా గోల కాదు. దాదాపు మూడు దశాబ్దాల కథలో కథను మలుపు తిప్పే బగ్ ఒక్కటీ లేదు, గుర్తుండిపోయే టెస్టర్ ఒక్కరూ లేరు. పెళ్లి గురించి ఇంత లావు పుస్తకం రాసి వంటవాళ్లను మరిచిపోయినట్టుంది.

ఇంకా గుచ్చుకున్నది వేరే. నవల నడిచేదే "ఈ గేము ఎవరిది" అన్న ప్రశ్న మీద. ఇచిగో పేరంతా సామ్‌కు పోయిందని సేడీ రగిలిపోతుంది. నేను పూర్తిగా ఆమె పక్షమే. కానీ ఆ పేచీ ఇద్దరు మేధావుల మధ్యే మొదలై అక్కడే తీరిపోతుంది. నేను చాలాకాలం పని చేసిన ఒక గేము క్రెడిట్లు చివర్లో దొర్లుతుంటే మా టీమంతా స్క్రీన్ ముందు నిలబడ్డాం. మా పేర్లు లేవు. మమ్మల్ని పంపిన వెండర్ కంపెనీ పేరు మాత్రం ఒక లైనులో వచ్చి పోయింది. క్రెడిట్ గురించి ఇంత ఆరాటపడే నవలకు ఆ దొర్లే జాబితా అసలు కనిపించలేదే అని నా బాధ.

పని కనిపించే పుస్తకాలు వేరే ఉంటే చెప్పండి. నవలే కానక్కర్లేదు.


చార్లెస్_నది_పక్కన:

రెప్రో గారూ, మీరు రాసింది చదివి కాస్త ఉక్రోషమొచ్చింది. ఎందుకంటే ఈ మధ్య నేను ఇంతగా ప్రేమించిన పుస్తకం ఇంకోటి లేదు. నేను గేములు ఆడను. మా అబ్బాయి ఆడతాడు, నేను అరుస్తాను. వాడు హెడ్‌సెట్ పెట్టుకుని ఎవరితోనో గంటలు గంటలు ఏం మాట్లాడతాడో ఈ పుస్తకం చదివాకే నాకు కొంచెం బోధపడింది. అదేం చిన్న సంగతి కాదు.

మేముండేది అమెరికా కేంబ్రిడ్జ్‌లోనే. హార్వర్డ్ స్క్వేర్‌లో రోజూ రెడ్ లైన్ రైలు ఎక్కుతాను. ఆ స్టేషన్లో పాత స్నేహితురాలిని చూసి, పిలవాలా వద్దా అని సామ్ తటపటాయించే ఆ నిమిషం ఎంత నిజమో నాకు తెలుసు. పరాయి దేశంలో తెలిసిన మొహం కనిపిస్తే ముందు మనమే తల తిప్పుకుంటాం, తర్వాత పరుగెడతాం. సామ్ అమ్మమ్మ తాతయ్యలు లాస్ ఏంజిలస్ కొరియాటౌన్‌లో పిజ్జా కొట్టు నడుపుతారు, అందులో ఒక డాంకీ కాంగ్ మెషిన్ ఉంటుంది. కొరియా నుంచి వచ్చిన ముసలివాళ్లు న్యూయార్క్ పిజ్జా అమ్ముకుంటూ మనవడిని పెంచడం! ఇలాంటి ఇళ్లు ఇక్కడ మన చుట్టూ ఎన్నో. నాకు ఆ కొట్టు చాలు, గెంతు ఎత్తు ఎంతో నాకెందుకండీ?

ఇక క్రెడిట్ సంగతి. మీరు మార్క్స్‌ను మరిచిపోయారు. కోడ్ రాయడు, బొమ్మ గీయడు. అన్నం తెస్తాడు, డబ్బు సర్దుతాడు, ఇద్దరి మధ్య మాటలు మోస్తాడు. అతను ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉన్న అధ్యాయం మొత్తం "నువ్వు" అంటూ నడుస్తుంది, దాని పేరే ఎన్‌పీసీ, అంటే గేములో ఆటగాళ్లెవరూ ఆడించని పాత్ర. ఆడేవాడికి కనిపించని, ఆటంతా మోసే మనిషి గురించే కదా అది? మీ వంటవాళ్లు ఉన్నారు. ఒక్క మనిషిలో ఉన్నారు.

డోవ్ విషయం కూడా చూడండి. సేడీకి సముద్రం, తుఫాను తను అనుకున్నట్టు తెర మీద రావడం లేదు. ఆమె ప్రొఫెసరు డోవ్ దగ్గర యులిసెస్ అనే ఇంజన్ (గేమును నడిపే సాఫ్ట్‌వేర్) ఉంది. అతను పెళ్లయినవాడు, ఆమెతో సంబంధం పెట్టుకుని నానా హింస పెట్టినవాడు. సామ్ బలవంతం మీద ఆ ఇంజన్ తెచ్చుకుంటుంది. ఇక జీవితాంతం "ఆ నీళ్లు డోవ్‌వి" అనే మాట పడుతుంది. ఇది పని గురించి కాదంటారా? పనిచేసే ఆడవాళ్లలో ఎవరిని అడిగినా ఇది పని గురించేనంటారు.


ప్లేయర్_టూ_ఎప్పుడూ:

అక్కా, దీనికే నిరాశ పడితే ఎర్నెస్ట్ క్లైన్ రెడీ ప్లేయర్ వన్ చదువు. 2011 పుస్తకం, స్పీల్‌బర్గ్ 2018లో సినిమా తీశాడు. సగం పుస్తకం 1980ల సినిమాలు, పాటలు, గేముల పేర్ల జాబితా. పేరు గుర్తుపట్టి మనం మురిసిపోవాలి, అంతే. హీరో ప్యాక్‌మన్‌లో పర్ఫెక్ట్ స్కోర్ కొడతాడు, పేజీల కొద్దీ చుక్కలు తింటాడు. మీ నవలలో మనుషులైనా ఉన్నారు. నేనది ఇంటర్‌లో చదివి ప్రపంచంలోనే గొప్ప పుస్తకమని అందరికీ చెప్పి తిరిగా. ఆ వాట్సాప్ స్టేటస్‌లు దేవుడు క్షమించుగాక.


డబ్బాలో_రూల్‌బుక్:

రెప్రో గారి ఫిర్యాదుకు నేను ఇంకోటి చేరుస్తాను. నాది వీడియో గేముల లోకం కాదు, బోర్డ్ గేములు. ఆదివారాలు ఒక కేఫ్‌లో పదిమందిని పోగేసి ఆడిస్తుంటాను.

సేడీ ఎంఐటీలో క్లాసు కోసం చేసే గేము గుర్తుందా? పేరు సొల్యూషన్. ఒక ఫ్యాక్టరీలో విడిభాగాలు బిగిస్తూ పాయింట్లు పోగేసుకోవాలి. ఈ ఫ్యాక్టరీ ఏం తయారుచేస్తుందని అడగొచ్చు, కానీ అడిగితే స్కోరు తగ్గుతుంది. అడగకుండా స్కోరు వెంట పరుగెత్తినవాళ్లకు చివర్లో తెలుస్తుంది, వాళ్లు ఇంతసేపూ నాజీలకు పని చేశారని. క్లాసులో పెద్ద గొడవవుతుంది. సేడీ ఎంత తెలివైనదో మనకు తెలియజెప్పే సన్నివేశం ఇది.

బ్రెండా రొమేరో అనే డిజైనర్ 2009లో ట్రెయిన్ అని ఒక బోర్డ్ గేము చేశారు. బల్ల మీద పగిలిన కిటికీ అద్దం, దాని మీద రైలు పట్టాలు. ఆటగాళ్లు చిన్న పసుపు రంగు మనిషి బొమ్మలను గూడ్సు పెట్టెల్లో కుక్కి గమ్యం చేర్చాలి. ఎక్కువమందిని చేర్చాలని పోటీ పడతారు. చివర్లో కార్డు తిప్పితే గమ్యం పేరు ఆష్విట్జ్, నాజీల మృత్యుశిబిరం. అది అచ్చేసి అమ్మే గేము కాదు. ఉన్నది ఒకే ఒక ప్రతి. ఆమె ఎక్కడికి తీసుకెళితే అక్కడే ఆడాలి.

సొల్యూషన్‌కూ దీనికీ ఉన్న పోలిక చూసి, నవలలో తన పేరు ఎక్కడా లేదేమని రొమేరో 2023లో బాహాటంగానే అడిగారు. పత్రికల్లో వచ్చింది. ఎవరి పని ఎవరి ఖాతాలో పడిందన్న ప్రశ్న మీద నిలబడ్డ నవల విషయంలో ఈ పేచీ రావడం నాకు మింగుడుపడలేదు. కాపీ అని నేననను. పరిస్థితి, యంత్రం, ఆడే పద్ధతి అన్నీ మార్చారు. కానీ పుస్తకం చివర ఒక్క లైను ధన్యవాదానికి ఖర్చేముంది?

ఇంకోటి, ఇదే అసలైనది. ట్రెయిన్‌లో ఆ బొమ్మలు పెట్టె తలుపులో దూరవు. వేలితో వంచి దూర్చాలి. ఆ వేలే తర్వాత నిన్ను నిద్రపోనివ్వదు. సొల్యూషన్ గురించి చదివినప్పుడు "ఆహా, తెలివైన గేము" అనుకుని పేజీ తిప్పేశాను. నా వేలికేం అంటలేదు. నవలలో గేమును చూపించడం కష్టమని ఒప్పుకుంటాను. కష్టం కాబట్టే ఆ కష్టం పడిన రచయిత కోసం చూస్తాం.


రెప్రో_స్టెప్స్:

రూల్‌బుక్ గారూ, ట్రెయిన్ గురించి వినడం ఇదే మొదలు. దూరని తలుపు! డిజైన్ అంటే అదే. ఆ తలుపు వెడల్పు ఎంత పెట్టాలని ఆవిడ ఎన్ని రకాలుగా కొలిచి చూసి ఉంటారో, నేను నవలలో వెతుక్కున్నది ఆ కొలత కోసమే.

ప్లేయర్_టూ, నువ్వు ప్యాక్‌మన్ పర్ఫెక్ట్ స్కోర్ అన్నావు కదా, 3,333,360. స్కోరుకు ఒక పై హద్దు ఎందుకుందో తెలుసా? 1980 నాటి ఆ గేములో లెవెల్ నంబరు ఒక్క బైట్‌లో ఉంటుంది. బైట్‌లో 255 దాకే పడుతుంది. 256వ లెవెల్ వచ్చేసరికి లెక్క చుట్టు తిరిగి సున్నా అవుతుంది, కింద పండ్ల బొమ్మలు గీసే కోడ్ ఎక్కడ ఆగాలో తెలియక గీసుకుంటూ పోతుంది. తెర కుడి సగమంతా అక్షరాలు, రంగుముక్కలు. ఆ లెవెల్ పూర్తి చేయడం కుదరదు, ఆట అక్కడితో సరి. అంటే "పర్ఫెక్ట్" అనే మాట పుట్టిందే ఒక బగ్ వల్ల. ఎవరూ 256 దాకా ఆడతారని చేసినవాళ్లు అనుకుని ఉండరు. జనం ఆడారు.

సూపర్ మారియోలోనూ ఉంది. 1-2 లెవెల్ చివర గోడలోంచి సరిగ్గా వెనక్కి గెంతి దూరిపోతే, పైపు ఎక్కి "వరల్డ్ మైనస్ వన్"కు వెళ్లొచ్చు. నీళ్ల లెవెల్. చివరి పైపు మళ్లీ మొదటికే తెస్తుంది, ఎంత ఈదినా బయటపడవు. చిన్నప్పుడు మా వీధి చివర పార్లర్‌లో ఒకడు దీన్ని రహస్యంగా చూపించి మా దగ్గర రూపాయి తీసుకున్నాడు. మారియో దగ్గర కలిసిన ఇద్దరు పిల్లల కథ రాసే మనిషికి ఈ అంతులేని నీళ్ల లెవెల్ చేతికందే దూరంలో ఉంది, ఆలోచించండి. కెరటం లాక్కుపోయిన చిన్నారి గేముకు ఇంతకంటే ఏం కావాలి? గేముల్లో అందమైనవి కొన్ని ఎవరూ అనుకోకుండా పుట్టినవే. ఈ నవలలో మాత్రం ప్రతిదీ ఎవరో ఒకరు అనుకున్నదే.

చార్లెస్ గారూ, పిజ్జా కొట్టు నాకూ ఇష్టమే. డోవ్ ఇంజన్ భాగం నవలలో బలమైనది, కాదనను. చేతకాక ఇంకొకరి కోడ్ తెచ్చుకోవడం, తర్వాత ఆ మాట పడటం మా ఆఫీసులో రోజూ చూస్తాను. కానీ మార్క్స్‌తో మీరు నన్ను ఒప్పించలేరు. డబ్బున్న ఇంటివాడు, అందగాడు, నాటకాల్లో వేషాలు వేస్తాడు, అందరూ అతన్ని ప్రేమిస్తారు. అతను చేసే సాయం దానం, ఉద్యోగం కాదు. ఆఫీసులో కాల్పులు జరిగి అతనికి తూటాలు తగిలిన రోజు అక్కడున్న మిగతావాళ్లు ఏమయ్యారు? కాల్పుల తర్వాత తిరిగి ఆ సీట్లలో కూర్చుని ఎవరు పని పూర్తి చేశారు? రెండు ముక్కల్లో తేల్చేసి మళ్లీ సామ్, సేడీల మూగనోముకే తిప్పుకుపోయారు.


చార్లెస్_నది_పక్కన:

సరే, మార్క్స్ విషయంలో మీరు కఠినంగా ఉన్నారు, ఉండండి. కానీ పయొనీర్స్ అధ్యాయం గురించి ఎవరూ ఎత్తలేదేం? మార్క్స్ పోయాక సేడీ ఎవరితోనూ మాట్లాడదు. సామ్ ఆమె కోసమే ఒక ఆన్‌లైన్ గేము కట్టి, పేరు దాచుకుని అందులో ఉంటాడు. ఆమె చిన్నప్పుడు ఆరెగాన్ ట్రెయిల్ (పాతకాలంలో అమెరికా పడమటికి బళ్లలో వలసపోయే గేము) ఆడింది కదా, అదే కాలం, అదే నేల. అధ్యాయం మొత్తం ఆ గేము లోపలే, పాతకాలపు భాషలో నడుస్తుంది. బయట మాట్లాడలేని ఇద్దరు లోపల ఇరుగుపొరుగులుగా మాట్లాడుకుంటారు. బండరాయి కరిగిందనుకోండి నాకు.

మా అబ్బాయికి ఆ అధ్యాయం చదివి వినిపించాను. వాడు విని, "అమ్మా, అంత పెద్ద సర్వర్ ఖర్చు ఎవరు కడుతున్నారు?" అన్నాడు. మీ జాతివాడే!


రెప్రో_స్టెప్స్:

మీ అబ్బాయికి మా టీమ్‌లో ఉద్యోగం ఖాయం.


జార్_ఫైల్_64:

ఆలస్యంగా వచ్చాను. పుస్తకాలు అడిగారు కాబట్టి ఒకటి చెప్తాను. డేవిడ్ కుష్నర్ రాసిన మాస్టర్స్ ఆఫ్ డూమ్, 2003. నవల కాదు, నిజంగా జరిగింది. డూమ్ అనే గేము చేసిన జాన్ కార్మాక్, జాన్ రొమేరోల కథ. (రూల్‌బుక్ గారు చెప్పిన బ్రెండా రొమేరో తర్వాత ఈ జాన్ రొమేరోనే పెళ్లి చేసుకున్నారు, ఊరికే చెప్తున్నా.)

అందులో ఒక ఘట్టం ఉంది. 1990, లూసియానాలో శ్రీవ్‌పోర్ట్ అనే ఊరు, సాఫ్ట్‌డిస్క్ అనే చిన్న కంపెనీ. అప్పటి పీసీలో మారియోలా తెర పక్కకు నున్నగా జరగడం అయ్యే పని కాదనేవారు. గేమ్ మెషిన్లలో ఆ పని హార్డ్‌వేరే చేసిపెట్టేది, పీసీలో ప్రతిసారీ తెర మొత్తం మళ్లీ గీయాలి, అంత వేగం లేదు. కార్మాక్‌కు ఒక ఉపాయం తట్టింది. ఆకాశం నీలమే, జరిగినా నీలమే, దాన్ని మళ్లీ గీయడమెందుకు? మారిన గడులు మాత్రమే గీస్తే పోలా? తోటి ఉద్యోగి టామ్ హాల్‌తో కలిసి రాత్రికి రాత్రి మారియో 3 మొదటి లెవెల్‌ను పీసీలో దింపి, ఫ్లాపీ రొమేరో బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. పొద్దున రొమేరో అది చూసి కుర్చీకి అతుక్కుపోయాడు. వారాంతాల్లో ఆఫీసు కంప్యూటర్లు ఇంటికి మోసుకెళ్లి పూర్తి డెమో చేసి నింటెండోకు పంపారు, వాళ్లు వద్దన్నారు. అదే ఉపాయంతో ఆ డిసెంబరులో కమాండర్ కీన్ అనే గేము వచ్చింది. తర్వాత డూమ్ సంగతి మీకు తెలుసు.

ఆ పేజీలు చదువుతుంటే నాకు చెమటలు పట్టాయి. ఆకాశాన్ని మళ్లీ గీయాలా వద్దా అన్న దాని మీద అంత టెన్షన్ పుట్టించాడు. కార్మాక్ అంటే ఎవరో, రొమేరో అంటే ఎవరో ఆ ఒక్క ఫ్లాపీతో తెలిసిపోతుంది. రెప్రో గారు అడుగుతున్నది ఇదేననుకుంటా. పనిని పక్కన పెట్టి మనిషిని చూపించడం ఒక దారి. పనిలోంచే మనిషిని చూపించేవాళ్లు అరుదు. జేసన్ ష్రయర్ 2017 పుస్తకం బ్లడ్, స్వెట్ అండ్ పిక్సెల్స్‌లో స్టార్‌డ్యూ వ్యాలీ అనే గేము మీద ఉన్న అధ్యాయం కూడా చదవండి. ఎరిక్ బారోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని, గీసిన బొమ్మలే మళ్లీ మళ్లీ గీసుకుంటూ పోతాడు. ఇల్లు నడిపేది అతని గర్ల్‌ఫ్రెండ్ జీతం. ఆమె పేరు కూడా పుస్తకంలో ఉంది, గమనించండి.

ఇవి రెండూ మగవాళ్ల కథలే, అది వాటి లోటు. సేడీ లాంటి మనిషిని మధ్యలో నిలబెట్టినందుకు జెవిన్‌కు నేను మార్కులు వేస్తాను.

నా సంగతి. 2000ల మొదట్లో హైదరాబాద్‌లో ఫోన్లకు జావా గేములు చేసేవాళ్లం. నోకియా సిరీస్ 40 ఫోన్లలో చాలావాటికి జార్ ఫైల్, అంటే గేము మొత్తం ఉండే ఫైలు, 64 కేబీ దాటకూడదు. కోడ్, బొమ్మలు, శబ్దం అన్నీ కలిపి. ఇప్పుడు మీరు వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ బొమ్మ దానికంటే పెద్దది. ఒక్క గేమును డజన్ల కొద్దీ హ్యాండ్‌సెట్లకు మార్చాలి, ఒక్కోదానికి తెర కొలత వేరు, కీల నంబర్లు వేరు. మా దగ్గరా టెస్టర్లుండేవాళ్లు, ముందు ఫోన్ల కుప్ప. వాళ్లు లేకపోతే మేం లేం. ఆ గేముల్లో క్రెడిట్స్ స్క్రీన్ ఉండేది కాదు, ఎవరి పేరూ లేదు, మా పేర్లతో సహా. సైజు కోసం మొదట తీసేసేది అదే.


రెప్రో_స్టెప్స్:

మాస్టర్స్ ఆఫ్ డూమ్ ఈరోజే ఆర్డర్ పెట్టాను. మీరు ఆ 64 కేబీలో బొమ్మలు ఎలా ఇరికించారో చెప్పకుండా వెళ్లొద్దు. మనిషి కుడికి నడిచే బొమ్మనే అద్దంలో తిప్పినట్టు తిప్పి ఎడమకు వాడుకునేవారా?


జార్_ఫైల్_64:

నోకియాలో అయితే అంతే, వాళ్లు సొంతంగా ఇచ్చిన గ్రాఫిక్స్ కోడ్‌తో తిప్పుకోవచ్చు. మొదటి తరం జావా ఫోన్లలో మామూలుగా ఆ సౌకర్యం లేదు. అందుకని వేరే కంపెనీల ఫోన్లకు ఎడమ బొమ్మ విడిగా పెట్టాల్సిందే, వెంటనే సైజు పెరిగేది. అప్పుడు బొమ్మలన్నీ కలిపి ఒకే పీఎన్‌జీ బొమ్మ ఫైలుగా అతికించేవాళ్లం, ఒక్కో ఫైలుకూ ముందుండే సమాచారం ఒక్కసారే పడుతుందని. కోడ్‌లో క్లాసుల పేర్లన్నీ ఏ, బీ, సీ అని కుదించే టూల్ వాడేవాళ్లం. ఇంకా పట్టకపోతే నడకలో ఒక ఫ్రేము తీసేసేవాళ్లం, మనిషి కొంచెం కుంటినట్టు నడిచేవాడు. అది ఒక టెస్టరు బగ్‌గా రాశాడు. మేం "యాజ్ డిజైన్డ్", అంటే కావాలనే అలా చేశాం, అని మూసేశాం. మీకు అలవాటే అనుకుంటా.


రెప్రో_స్టెప్స్:

రీఓపెన్ చేస్తున్నాను.